బరువు తగ్గడం, జబ్బు తగ్గడం: స్థౌల్య శస్త్రచికిత్సా ఫలితాల చరిత్ర

వ్యాససంగ్రహం:

తీవ్ర స్థౌల్యానికి చేసే శస్త్రచికిత్సలను వైద్యరంగం బేరియాట్రిక్ శస్త్రచికిత్సలు అని వ్యవహరిస్తుంది. 1954 నాటి జంతుప్రయోగం మొదలుకొని 2020లో వెలువడిన స్వీడన్ ఆయుర్దాయ పరిశోధన వరకు ఈ చికిత్స ఫలితాలను ఏ కొలమానాలతో, ఎంతకాలం కొలిచారో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. బరువు, మధుమేహం, మరణం, ఆయుర్దాయం అనే నాలుగు కొలమానాలు వరుసగా ముందుకు వచ్చిన తీరునూ, ఒక్కో కొలమానం అంతకుముందున్న నిర్ణయాన్ని సవరించిన తీరునూ ఇందులో వివరించాను. రెండేళ్ళ ఫలితాన్ని శాశ్వత ఫలితంగా భావించడమే ఈ చరిత్రలో పదేపదే జరిగిన పొరపాటు అని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: స్థౌల్యం, బేరియాట్రిక్ శస్త్రచికిత్స, మధుమేహం, ఉపశమనం, ఆయుర్దాయం, వైద్యచరిత్ర.

1. ఉపోద్ఘాతం:

తెలుగులో ‘తగ్గు’ అనే క్రియకు రెండు వ్యవహారాలున్నాయి. ‘ధర తగ్గింది’, ‘బరువు తగ్గింది’ అన్నప్పుడు అది పరిమాణం క్షీణించడాన్ని చెబుతుంది. ‘జ్వరం తగ్గింది’, ‘జబ్బు తగ్గింది’ అన్నప్పుడు రోగి కోలుకోవడాన్ని చెబుతుంది. నిత్యవ్యవహారంలో ఈ రెండర్థాలు కలిసిపోయినా ఇబ్బంది లేదు. స్థౌల్య చికిత్స విషయంలో మాత్రం వీటిని విడదీసి చూడవలసి ఉంటుంది. బరువు తగ్గినంత మాత్రాన జబ్బు తగ్గినట్లేనా? తగ్గిన జబ్బు ఎంతకాలం తగ్గి ఉంటుంది? గత ఏడు దశాబ్దాల శస్త్రచికిత్సా చరిత్ర స్థూలంగా ఈ రెండు ప్రశ్నల చరిత్రే.

‘బేరియాట్రిక్’ అనే పదానికి మూలం గ్రీకుభాషలో ఉంది. ‘బారోస్’ అంటే బరువు, ‘ఇయాట్రోస్’ అంటే వైద్యుడు. అంటే పేరులోనే బరువు ప్రధానమైంది. మన ప్రాచీన వైద్యగ్రంథాల దృష్టి ఇందుకు భిన్నం. చరకసంహిత సూత్రస్థానంలోని 21వ అధ్యాయం నిందితులైన ఎనిమిది రకాల దేహధారులను పేర్కొంటూ, వారిలో అతిస్థూలుడిని, అతికృశుడిని ప్రత్యేకంగా వివరించింది. అతిస్థూలుడికి కలిగే ఎనిమిది దోషాలను చెప్పేటప్పుడు మొదట పేర్కొన్నది ఆయుఃక్షీణత. తరువాతే నడకలో ఇబ్బంది, దౌర్బల్యం, అతిస్వేదం, అతిక్షుధ వంటివి వస్తాయి. చరకుడు మొదట చెప్పిన ఆయుర్దాయాన్ని ఆధునిక శస్త్రచికిత్స చిట్టచివర కొలిచింది. ఆ ఆలస్యానికి కారణాలను తెలుసుకోవడానికి తొలి ప్రయోగాల వద్ద నుండి మొదలుపెట్టాలి.

2. బరువే కొలమానంగా ఉన్న తొలిదశ:

1954లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయానికి చెందిన క్రెమెన్, లిన్నర్, నెల్సన్ కుక్కలపై చేసిన ప్రయోగాల వివరాలు ప్రకటించారు. చిన్నప్రేగులో ఏ భాగం పోషణకు ఎంత అవసరమో తెలుసుకోవడం వారి ఉద్దేశం. చిన్నప్రేగు పైభాగం లేకపోయినా జంతువులు తట్టుకున్నాయి. కిందిభాగం లేనప్పుడు మాత్రం కొవ్వును గ్రహించే శక్తి బాగా దెబ్బతిని బరువు కోల్పోయాయి. ఆహారం ప్రయాణించే దారిని కుదిస్తే శరీరం బరువు తగ్గుతుందన్న ఆలోచనకు ఇది ప్రయోగాత్మక ఆధారమైంది.

ఈ ఆలోచనను లాస్ ఏంజెలెస్‌లో పేన్, డివిండ్ అనే వైద్యులు రోగులకు అన్వయించారు. చిన్నప్రేగు పైభాగాన్ని నేరుగా పెద్దప్రేగుకు కలిపిన పదిమంది రోగుల వివరాలను 1963లో ప్రకటించారు. బరువు వేగంగా తగ్గింది. దానితోపాటు ఆగని విరేచనాలు, లవణాల లోపం, కాలేయ నష్టం వచ్చాయి. తగినంత బరువు తగ్గాక ప్రేగును మళ్ళీ యథాస్థితికి తేవాలన్నది వారి ప్రణాళిక. అలా తెచ్చినప్పుడు బరువు కూడా తిరిగి వచ్చింది. శస్త్రచికిత్స శరీరంలో ఉన్నంతకాలమే దాని ఫలితం ఉంటుందన్న సంగతి అప్పుడే తేలింది.

1969లో వారే సవరించిన పద్ధతిని ప్రచురించారు. చిన్నప్రేగు పైభాగంలో సుమారు 35 సెంటీమీటర్లను, చివరిభాగంలో సుమారు 10 సెంటీమీటర్లను మాత్రమే ఆహారమార్గంలో ఉంచి, మిగతా ప్రేగును పక్కకు తప్పించారు. 1970లలో ఈ పద్ధతి విస్తృతంగా ప్రచారంలోకి వచ్చింది. తూకం ప్రకారం చూస్తే ఇది విజయమే. కాని కొన్నేళ్ళు గడిచాక మూత్రపిండాలలో రాళ్ళు, కీళ్ళవాపులు, విటమిన్ల లోపాలు, కొందరిలో ప్రాణాంతకమైన కాలేయ వైఫల్యం బయటపడ్డాయి.

వీటికి శరీరధర్మ కారణాలు ఉన్నాయి. మామూలుగా ఆహారంలోని ఆక్సలేటును కాల్షియం పట్టి ఉంచి మలంతో బయటకు పంపుతుంది. కొవ్వు జీర్ణం కాకుండా పెద్దప్రేగుకు చేరినప్పుడు ఆ కొవ్వే కాల్షియాన్ని పట్టుకుంటుంది. విడిపోయిన ఆక్సలేటు రక్తంలోకి చేరి మూత్రపిండాలలో రాళ్ళుగా మారుతుంది. ఆహారం అందని ప్రేగుభాగంలో బాక్టీరియా విపరీతంగా పెరగడం, మాంసకృత్తుల లోపం కలిసి కాలేయాన్ని దెబ్బతీస్తాయి. ఇవేవీ తూకం యంత్రం మీద కనిపించేవి కావు. మొదటి ఏడాదిలో బయటపడేవి కూడా కావు. 1980ల నాటికి వైద్యులు ఈ పద్ధతిని విడిచిపెట్టారు. అప్పటికే చేయించుకున్న వారిలో అనేకులకు దాన్ని విప్పడానికి మరో శస్త్రచికిత్స అవసరమైంది.

3. జీర్ణాశయం వైపు మళ్ళిన దృష్టి:

ఇదే కాలంలో అయోవా విశ్వవిద్యాలయంలో ఎడ్వర్డ్ మేసన్ వేరొక మార్గం తొక్కారు. అల్సరు కారణంగా జీర్ణాశయంలో కొంతభాగం తొలగించిన రోగులు తిరిగి బరువు పెరగకపోవడాన్ని గమనించి, చికాషి ఇటోతో కలిసి జీర్ణాశయ బైపాస్ పద్ధతిని రూపొందించి 1967లో ప్రచురించారు. జీర్ణాశయం పైభాగంలో చిన్న సంచి ఏర్పరచి, దాన్ని చిన్నప్రేగుకు కలపడం ఇందులోని ప్రధానాంశం. 1977లో గ్రిఫెన్ బృందం ఈ కలయికను ఆంగ్లాక్షరం ‘వై’ ఆకారంలోకి మార్చి, పైత్యరసం సంచిలోకి ఎగదన్నకుండా చేసింది. ‘రూ-ఎన్-వై’ బైపాస్‌గా నేటికీ నిలిచింది ఈ రూపమే.

ప్రేగు దారిని మార్చకుండా జీర్ణాశయాన్ని కుట్లతో, పట్టీతో ఇరుకుచేసే పద్ధతిని కూడా మేసన్ 1980లలో ప్రవేశపెట్టారు. పోషకలోపాలు తక్కువగా ఉండటం దీని గుణం. కాని ఇరుకైన దారిలో గట్టి ఆహారం దిగకపోయినా తీపి పానీయాలు సులభంగా దిగుతాయి. అందువల్ల చాలామందిలో కొన్నేళ్ళకు బరువు తిరిగి పెరిగింది.

1991 మార్చిలో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు నిర్వహించిన ఏకాభిప్రాయ సదస్సు శస్త్రచికిత్సకు అర్హతను నిర్ణయించింది. కిలోగ్రాములలోని బరువును మీటర్లలోని ఎత్తు వర్గంతో భాగించగా వచ్చే శరీర ద్రవ్యరాశి సూచిక 40 లేదా అంతకుమించి ఉండాలి. తీవ్రమైన అనుబంధ వ్యాధులుంటే 35 చాలు. అర్హతకు ప్రాతిపదిక అప్పటికీ బరువే. వ్యాధిది అనుబంధ స్థానం.

4. మధుమేహం - ఊహించని ఫలితం:

ఈ క్రమాన్ని తలకిందులు చేసింది 1995లో వాల్టర్ పోరీస్ బృందం ప్రచురించిన వ్యాసం. ఉత్తర కరోలినాలోని గ్రీన్‌విల్‌లో పద్నాలుగేళ్ళ వ్యవధిలో జీర్ణాశయ బైపాస్ జరిగిన 608 మంది వివరాలు అందులో ఉన్నాయి. వారిలో పెద్దవయసులో వచ్చే మధుమేహం ఉన్న 146 మందిలో 121 మందికి, అంటే 83 శాతానికి, రక్తంలో చక్కెర సాధారణ స్థాయికి వచ్చింది. ఇలా జరుగుతుందని ఎవరు అనుకున్నారన్న ఆశ్చర్యం ఆ వ్యాసం శీర్షికలోనే ఉంది.

అసలు విశేషం కాలంలో ఉంది. చెప్పుకోదగినంత బరువు తగ్గకముందే, శస్త్రచికిత్స జరిగిన కొద్దిరోజులకే చక్కెర అదుపులోకి రావడం వైద్యులు గమనించారు. అంటే ‘బరువు తగ్గడం’ వల్లనే ‘జబ్బు తగ్గింది’ అన్న కార్యకారణ సంబంధం పూర్తిగా సరిపోవడం లేదు. 2004లో ఫ్రాంచెస్కో రుబీనో, జాక్ మారెస్కో స్థౌల్యం లేని మధుమేహ ఎలుకలలో చిన్నప్రేగు మొదటిభాగాన్ని ఆహారమార్గం నుండి తప్పించినప్పుడు, వాటి చక్కెర అదుపు మెరుగుపడింది. ఆహారం ప్రేగు కిందిభాగానికి త్వరగా చేరినప్పుడు జి.ఎల్.పి.-1 వంటి హార్మోన్లు ఎక్కువగా విడుదలై ఇన్సులిన్ స్రావాన్ని పెంచుతాయి, ఆకలిని తగ్గిస్తాయి. కేవలం జీర్ణమార్గంగా భావించిన ప్రేగును హార్మోన్ల అవయవంగా చూడటం అలా మొదలైంది.

క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో ఫిలిప్ షావర్ బృందం 150 మంది మధుమేహ రోగులను యాదృచ్ఛికంగా మూడు వర్గాలుగా విభజించి ఐదేళ్ళు పరిశీలించింది. చక్కెర మూడు నెలల సగటును సూచించే హెచ్.బి.ఎ.1సి. 6 శాతం లేదా అంతకన్నా తక్కువకు రావడం వారి లక్ష్యం. 2017లో ప్రకటించిన ఫలితాల ప్రకారం మందులు మాత్రమే వాడినవారిలో 5 శాతం, జీర్ణాశయాన్ని గొట్టంలా కుదించే స్లీవ్ పద్ధతిలో 23 శాతం, బైపాస్ పద్ధతిలో 29 శాతం ఆ లక్ష్యాన్ని అందుకున్నారు. శస్త్రచికిత్స ఆధిక్యం స్పష్టమే. అయినా శస్త్రచికిత్స చేయించుకున్నవారిలో అధికసంఖ్యాకులు ఐదేళ్ళకు ఆ గీతకు పైనే ఉన్నారన్నది కూడా అంతే స్పష్టం.

5. స్వీడన్ పరిశోధన:

దీర్ఘకాల ఫలితాలను తెలుసుకోవాలంటే శస్త్రచికిత్స జరిగినవారిని మాత్రమే చూస్తే చాలదు. అదే స్థితిలో ఉండి శస్త్రచికిత్స లేకుండా జీవించినవారిని కూడా అంతకాలమూ చూడాలి. ఈ అవసరాన్ని తీర్చింది 1987లో లార్స్ షోస్ట్రోమ్ నాయకత్వంలో స్వీడన్‌లో ప్రారంభమైన పరిశోధన. శస్త్రచికిత్స జరిగినవారు 2,010 మంది. వయసు, లింగం, బరువు వంటి 18 అంశాలలో వారితో సరిపోలేటట్లు ఎంపికచేసిన సాధారణ చికిత్సావర్గంలో 2,037 మంది. అప్పట్లో శస్త్రచికిత్స అనంతర మరణాలు ఎక్కువన్న ఆందోళన వల్ల నైతిక సంఘాలు యాదృచ్ఛిక విభజనకు అనుమతించలేదు. ఎవరికివారే చికిత్సను ఎంచుకున్నారు కాబట్టి రెండు వర్గాల మధ్య కనిపించని తేడాలు ఉండవచ్చు. ఈ పరిమితిని మరవకూడదు.

సుమారు పదకొండేళ్ళ సగటు పరిశీలన తరువాత 2007లో మరణాల లెక్క వెలువడింది. సాధారణ చికిత్సావర్గంలో 129 మంది, శస్త్రచికిత్సా వర్గంలో 101 మంది మరణించారు. ముగ్గురి విషయంలో తప్ప మిగతా అందరూ జీవించి ఉన్నారో లేదో పరిశోధకులు నిర్ధారించగలిగారు. స్థౌల్య శస్త్రచికిత్స మరణాలను తగ్గిస్తుందనడానికి దీర్ఘకాల ఆధారం ఇలా లభించింది. చికిత్స జరిగిన 90 రోజులలో మరణించినవారు ఐదుగురు, అంటే 0.25 శాతం.

బరువు విషయం మరింత ఆలోచింపజేస్తుంది. ఒకటి రెండేళ్ళకు బైపాస్ వర్గం 32 శాతం, కుట్ల పద్ధతి వర్గం 25 శాతం, పట్టీ వర్గం 20 శాతం బరువు కోల్పోయాయి. పదేళ్ళ నాటికి ఆ తగ్గుదల వరుసగా 25, 16, 14 శాతం వద్ద నిలిచింది. మూడు పద్ధతులలోనూ కొంత బరువు తిరిగివచ్చింది; అయినా మరణాలు తగ్గాయి. బరువు, ప్రాణం ఒకే రేఖ మీద నడవడం లేదని దీన్నిబట్టి తెలుస్తుంది. 2009లో ప్రకటించిన క్యాన్సరు ఫలితాలు ఈ మాటను బలపరుస్తాయి. స్త్రీలలో క్యాన్సరు తగ్గింది, పురుషులలో తగ్గినట్లు కనబడలేదు.

6. ఉపశమనం, తిరగబెట్టడం:

మధుమేహం ఉండి ఈ పరిశోధనలో చేరినవారి ఫలితాలు 2014లో వచ్చాయి. శస్త్రచికిత్స జరిగిన రెండేళ్ళకు 72.3 శాతం మందిలో మధుమేహం ఉపశమించింది. పదిహేనేళ్ళకు ఆ సంఖ్య 30.4 శాతానికి పడిపోయింది. సాధారణ చికిత్సావర్గంలో ఇవే సంఖ్యలు 16.4, 6.5 శాతం.

రెండేళ్ళ దగ్గర ఆగిన వ్యాసం ‘మధుమేహం నయమైంది’ అని రాయవచ్చు. పదిహేనేళ్ళు చూసిన వ్యాసం అలా రాయలేదు. అందుకే వైద్యులు ‘నయం కావడం’ అనక ‘ఉపశమనం’ అనే మాటను ఎంచుకున్నారు. తెలుగులో ‘తగ్గింది’ అన్న మాటకు ఎదురుగా ‘తిరగబెట్టింది’ అన్న మాట కూడా ఉంది. తగ్గడంలోనే తిరగబెట్టే అవకాశం దాగి ఉందన్న ఎరుక వ్యవహారభాషకు ఉన్నదే.

అయితే తిరగబెట్టినంత మాత్రాన చికిత్స వ్యర్థమైందని కూడా చెప్పలేం. కళ్ళు, మూత్రపిండాలు, నరాలను దెబ్బతీసే సూక్ష్మరక్తనాళ సమస్యలు శస్త్రచికిత్సా వర్గంలో ప్రతి వెయ్యి వ్యక్తి-సంవత్సరాలకు 20.6 కాగా, సాధారణ చికిత్సావర్గంలో 41.8. జబ్బు మళ్ళీ వచ్చినవారు ఎందరున్నా, ఆ వర్గం మొత్తం మీద అవయవ నష్టం దాదాపు సగమే.

7. ఆలస్యంగా లెక్కకెక్కిన నష్టాలు:

స్వీడన్ మరణాల వ్యాసం వచ్చిన పత్రిక సంచికలోనే అమెరికాలోని యూటా రాష్ట్రం నుండి టెడ్ ఆడమ్స్ బృందం రాసిన వ్యాసం కూడా వచ్చింది. బైపాస్ జరిగిన 7,925 మందిని, డ్రైవింగ్ లైసెన్సు వివరాల ఆధారంగా ఎంపికచేసిన అంతేమందితో సగటున ఏడేళ్ళు పోల్చారు. మొత్తం మరణాలు 40 శాతం, మధుమేహ మరణాలు 92 శాతం తక్కువ. కాని ప్రమాదాలు, ఆత్మహత్యల వంటి వ్యాధేతర మరణాలు 58 శాతం ఎక్కువ. గుండెను, రక్తాన్ని కొలిచిన పరిశోధనలు మనసును అంతే శ్రద్ధగా కొలవలేదన్న సంగతి ఈ ఒక్క అంకెతో బయటపడింది.

2012లో మద్యపానం గురించి వెలువడిన అమెరికా బహుకేంద్ర పరిశోధన మరొక ఉదాహరణ. మద్యపాన రుగ్మత శస్త్రచికిత్సకు ముందు ఏడాదిలో 7.6 శాతం, తరువాతి మొదటి ఏడాదిలో 7.3 శాతం, రెండవ ఏడాదిలో 9.6 శాతం. మొదటి ఏడాదితోనే పరిశీలన ముగిస్తే ఈ నష్టం లేదనే అనుకునేవారు. బైపాస్ తరువాత మద్యం రక్తంలోకి త్వరగా చేరడం ఇందుకు ఒక కారణం. ఇనుము, కాల్షియం, విటమిన్ బి-12, విటమిన్ డి లోపాల స్వభావమూ ఇటువంటిదే. శరీరంలోని నిల్వలు అడుగంటేదాకా అవి పైకి తెలియవు. అందుకే జీవితాంతం మాత్రలు వాడటం, రక్తపరీక్షలు చేయించుకోవడం ఈ చికిత్సలో విడదీయరాని భాగం.

8. భారతీయ సందర్భం:

పైన చెప్పిన పరిశోధనలు అధికభాగం ఐరోపా, అమెరికా ప్రజల దేహాల మీద జరిగాయి. ఒకే సూచిక అన్ని దేహాలకూ ఒకే అర్థం ఇవ్వదని చూపినవారిలో పుణె వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్ ఒకరు. ఆయన, బ్రిటన్ వైద్యుడు జాన్ యుడ్కిన్ ఇద్దరి శరీర ద్రవ్యరాశి సూచికా 22.3. శరీరంలోని కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. 2004లో వారు ప్రకటించిన ఈ పోలిక ప్రసిద్ధమైంది. ఆసియా ప్రజలలో తక్కువ సూచిక వద్దనే మధుమేహం రావడాన్ని గుర్తించి, అమెరికా, అంతర్జాతీయ శస్త్రవైద్య సంఘాలు 2022లో అర్హతలను సవరించాయి. సాధారణంగా 35, జీవక్రియా వ్యాధులుంటే 30గా మార్చి, ఆసియావాసులకు శస్త్రచికిత్స హద్దును 27.5గా పేర్కొన్నాయి.

ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం అధికబరువు లేదా స్థౌల్యం ఉన్న స్త్రీలు దేశంలో 24 శాతం కాగా, ఆంధ్రప్రదేశ్‌లో 36.3, తెలంగాణలో 30.1 శాతం. వీరిలో శస్త్రచికిత్స అవసరమయ్యేవారు కొద్దిమందే. కాని హద్దు కిందికి దిగేకొద్దీ ఆ నిర్ణయం ఎదుట నిలిచే కుటుంబాల సంఖ్య పెరుగుతుంది. వారికి తెలుగులో అందే సమాచారంలో ‘ఎన్ని కిలోలు తగ్గుతారు’ అన్నదే తప్ప, ‘పదిహేనేళ్ళకు ఏమవుతుంది’ అన్నది లేకపోతే వారు ఇచ్చే అంగీకారం సంపూర్ణమైనది కాదు.

9. ముగింపు:

2020లో స్వీడన్ పరిశోధన ఆయుర్దాయపు లెక్కను లేనా కార్ల్‌సన్ బృందం ప్రకటించింది. శస్త్రచికిత్స జరిగినవారు సాధారణ చికిత్సావర్గం కంటే 3 సంవత్సరాలు ఎక్కువ జీవిస్తారని అంచనా. అయినా సామాన్య జనాభాతో పోలిస్తే వారి ఆయుర్దాయం 5.5 సంవత్సరాలు తక్కువే. ఈ రెండు అంకెలనూ కలిపి చదవాలి. మొదటిది చికిత్స విలువను, రెండవది దాని హద్దును చెబుతుంది. ఈ పరిశోధనలో ఎక్కువమందికి జరిగినది ఇప్పుడు దాదాపు కనుమరుగైన కుట్ల పద్ధతి. నేడు విరివిగా చేస్తున్న స్లీవ్ పద్ధతికి అంతటి సుదీర్ఘమైన లెక్క ఇంకా రావలసి ఉంది.

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు:

1. ఫలితం అనేది శస్త్రచికిత్సకు మాత్రమే చెందినది కాదు. ఏమి కొలిచారు, ఎంతకాలం కొలిచారు అన్నదానిపై ఆధారపడుతుంది.

2. తొలినాటి ప్రేగు బైపాస్ వైఫల్యం బరువును మాత్రమే చూడటం వల్ల ఆలస్యంగా బయటపడింది. ఆ ఆలస్యానికి మూల్యం చెల్లించింది రోగులు.

3. బరువు కొంత తిరిగివచ్చినా, మధుమేహం తిరగబెట్టినా, అవయవాలకూ ప్రాణానికీ కలిగిన మేలు నిలిచింది. కాబట్టి తిరగబెట్టడాన్ని రోగి తప్పుగానో, చికిత్స వైఫల్యంగానో మాత్రమే చూడటం సరికాదు.

4. మానసిక ఆరోగ్యం, మద్యపానం, పోషకలోపాల వంటి నష్టాలు మొదటి ఏడాది దాటాకే లెక్కకు అందుతాయి. అందువల్ల జీవితకాల పరిశీలన చికిత్సలో భాగం కావాలి.

‘తగ్గిందా?’ అని అడగడం మన వ్యవహారం. ఈ చికిత్స విషయంలో ఆ ప్రశ్నకు ముందు ‘ఏమి’ అన్న మాటనూ, ‘ఎంతకాలం’ అన్న మాటనూ చేర్చి అడగడం అవసరం.